నాన్నకు ఒప్పజెప్పిన ఆడిట్

ఎనభైల చివరి రోజులవి. సీఏ ఇంటర్‌లో ఆడిట్ పేపరు నన్ను వరసగా మూడుసార్లు ముంచింది. మిగతావన్నీ గట్టెక్కినా ఆ ఒక్కటీ పోయిందంటే గ్రూపంతా మళ్ళీ రాయాల్సిందే. నాలుగోసారి ఫారం నింపుతుంటే నాన్న చెప్పేశారు, ఇదే ఆఖరని. బాపట్లలో ఒక బడిలో లెక్కల టీచరు ఉద్యోగం మాట్లాడి ఉంచారు. ఈసారీ తప్పితే వెళ్ళి అందులో చేరాలి. టీచరు పనంటే నాకు చిన్నచూపేం లేదు, మా ఇంటిల్లిపాదిదీ అదే పని. ఓడిపోయి వెళ్ళి చేరడమే నాకు ఇష్టం లేదు.

మాది రేపల్లె. నాన్న మిషను బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. సండేస్కూల్లో పిల్లలకు కంఠత వాక్యాలు నేర్పేది కూడా ఆయనే. ఒక్క మాట జారినా మొదటినుంచీ చెప్పించేవారు. "ముందు మాట రానీ అమ్మాయ్, అర్థం నిదానంగా అదే వస్తుంది" అనేవారు. అలా ఒప్పజెప్పి చిన్నప్పుడు ఎన్ని స్టీలు గ్లాసులు ప్రైజులుగా తెచ్చానో! కాబట్టి మొదటిసారి రాసినప్పుడే ఆడిట్ కూడా ఆ పద్ధతిలోనే మొదలుపెట్టాం. పెట్టాం అనే అనాలి, చదివింది ఇద్దరం.

పొద్దున్న ఐదింటికల్లా వరండాలో పడక్కుర్చీ వేసుకుని, పుస్తకం పట్టుకుని ఆయన కూర్చునేవారు. పెళ్ళీడు దాటుతున్న దాన్ని, ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడేదాన్ని. తప్పిన ప్రతి మాట కిందా పెన్సిలుతో చుక్క పెట్టేవారు. ఆడిటరు బాధ్యతల మీద పేజీలకు పేజీలు కామాతో సహా వచ్చేవి నాకు. ఆ తర్వాత పాసింజరెక్కి తెనాలిలో నేను పని నేర్చుకునే ఆడిటరుగారి ఆఫీసుకు చేరేసరికి సగం ప్రాణం అయిపోయేది. ఇంత చేసినా మార్కులు ముప్పైల దగ్గరే ఆగేవి. దిద్దేవాళ్ళు సరిగ్గా చదవడం లేదేమోనని నాన్న అనుమానం. నాకు అనుమానపడే ఓపిక కూడా లేదు.

ఆ వేసవిలో మా ఆడిటరుగారు నన్ను నిజాంపట్నం తీసుకెళ్ళారు. రొయ్యలు గడ్డకట్టించి దాచే కంపెనీ అది. "లోపలికెళ్ళి సరుకు చూసి రామ్మా" అన్నారు. లోపల ఎముకలు కొరికే చలి, ముక్కు పగిలే వాసన. గుమ్మంలోనే నిలబడి, కనిపించినంత మేర పెట్టెలు లెక్కపెట్టి, మిగతావి అక్కడి గుమాస్తా చెప్పినట్టు రాసుకొచ్చాను.

"ఏం చూశావు?" అన్నారు సార్.

నిల్వ సరుకు విషయంలో ఆడిటరు ఏమేం చూడాలో పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఒప్పజెప్పాను. ఆయన విసుక్కోకుండా చివరిదాకా విన్నారు.

"అది పుస్తకంలో ఉందమ్మా. ఇక్కడ నువ్వేం చూశావు?"

నేనేమీ చూడలేదు. ఆయన నన్ను మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి అడుగు వరసలో పెట్టె ఒకటి లాగించారు. అట్ట మీద తేదీ పాతది, లోపల రొయ్యలు నల్లగా ఉన్నాయి. లెక్క సరిపోయింది, సరుకే పనికిరాదు. చలికి వణుకుతున్నానని సార్ అనుకున్నారు. నాకు మాత్రం సిగ్గుతో చచ్చినంత పనైంది.

మర్నాటి నుంచి రైల్లో చదవడం మొదలుపెట్టాను. ఒక పేజీ చదివి, పుస్తకం మూసి, ఈ మాటకి నిజాంపట్నంలో నేనేం అడగాలి, ఏది తెరిపించాలి, ఎవరి మాట నమ్మకూడదు అని తెలుగులో గొణుక్కునేదాన్ని. ఒకసారి వేమూరులో ఎక్కినావిడ "ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?" అని అడిగింది కూడా. ఆ తర్వాత అదంతా నా సొంత ఇంగ్లీషులో కాగితం మీద పెట్టేదాన్ని. వంకర ఇంగ్లీషే, కానీ ఏం రాస్తున్నానో నాకు తెలిసేది.

నాన్న మాత్రం ఐదింటికి కూర్చునే ఉండేవారు.

"ఇవాళ ఒప్పజెప్పవా అమ్మాయ్?"

"రైల్లో చదువుకుంటాలెండి నాన్నా."

వారం పాటు అలా అడిగారు. ఒకరోజు విసుగొచ్చి, "అర్థం తెలీకుండా ఇంకెన్నాళ్ళు ఒప్పజెప్పమంటారు?" అనేశాను. ఆయన పుస్తకం మూసి నా చేతికిచ్చారు. ఆ తర్వాత ఐదింటికి లేచినా వరండాలోకి వచ్చేవారు కాదు. పెరట్లో మొక్కలకు నీళ్ళు పోసుకునేవారు. జాలేసింది. కానీ పరీక్ష దగ్గరకొచ్చేసింది, జాలిపడుతూ కూర్చునే తీరిక లేదు.

ఆడిట్‌లో యాభై ఆరు వచ్చాయి. గ్రూపు గట్టెక్కింది. మార్కుల కాగితం నేను ఆఫీసులో ఉండగా వచ్చిందట. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. బాపట్ల బడికి మా అమ్మాయి రావడం లేదని అప్పటికే ఉత్తరం రాసేశారు. "చాలా బాగా వచ్చాయమ్మా" అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అడిగారు.

"అయితే ఆ మూడుసార్లూ నావల్లే పోయాయంటావా?"

తెనాలి నుంచీ నిలబడే వచ్చాను ఆ రోజు. కాళ్ళు పీకుతున్నాయి, తల దిమ్ముగా ఉంది. లేదు నాన్నా అనడానికి ఎంతసేపు పడుతుంది? "స్నానం చేసొస్తానండి" అని లోపలికి వెళ్ళిపోయాను. నేను తిరిగొచ్చేసరికి ఆయన ఎదురింటివాళ్ళకు నా మార్కులు చెబుతున్నారు. ఆ ప్రశ్న ఆయన మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.