తాళాల మావయ్య ఓటములు

తాళాల మావయ్యకి ఓడిపోవడమంటే ప్రాణం.

గెలవడం చేతకాక ఓడిపోయేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. ఆయన ఆ బాపతు కాదు. శ్రద్ధగా, నేర్పుగా, ఎదుటివాడికి అనుమానం రాకుండా ఓడిపోయేవాడు. చదరంగంలో మంత్రిని తీసుకెళ్ళి ఎదుటివాడి గుర్రం ముందు నిలబెట్టేవాడు. పేకలో జోకర్ని పారేసేవాడు. బస్సు కోసం పరిగెడుతూ, పక్కవాడికి సీటు దొరికేదాకా చెప్పు తెగినట్టు ఆగిపోయేవాడు. క్యారమ్స్‌లో అయితే ఎర్రకాయని గుంత దాకా సాగనంపి, గుమ్మంలో వదిలేసి వచ్చేవాడు.

"అయ్యో, పోయిందే!" అనేవాడు.

ఆ 'అయ్యో'లో ఉన్నంత ఆనందం డాక్టరమ్మ ఇంకెవరి నోటా వినలేదు.

డాక్టరమ్మ పని ముసలితనం. అంటే మందులిచ్చే డాక్టరు కాదు. వయసు మీదపడుతుంటే ఒంట్లో బలం ఎలా జారిపోతుంది, బుర్ర ఎలా మందగిస్తుంది, కొందరికి ఎందుకు మందగించదు అని పరిశోధన చేసే డాక్టరు. డెబ్బై దాటినవాళ్ళని ఆరునెలలకోసారి ఆస్పత్రి వెనక భవనానికి రప్పించేది. ఒక పరికరం చేతికిచ్చి పిడికిలి బిగించమనేది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమనేది. వసారాలో ఈ గీత నుంచి ఆ గీత దాకా నడవమనేది. గడియారం బొమ్మ గీయమనేది. ఐదు మాటలు చెప్పి, కాసేపు వేరే కబుర్లలో పెట్టి, ఆ ఐదూ తిరిగి అప్పజెప్పమనేది.

"ఇందులో ఫెయిలవ్వచ్చా అమ్మా?" అని మొదటిరోజే అడిగాడు మావయ్య, ఆశగా.

"పాసూ ఫెయిలూ ఏమీ ఉండవండీ."

ఆయన ముఖం చిన్నబోయింది.

ఆయన్ని పరీక్షలకి తీసుకొచ్చింది మేనకోడలు. వాళ్ళ నాన్ననీ, ఈ మేనమామనీ ఒకే ఆటోలో ఎక్కించుకొచ్చేది. ఆస్పత్రికి రెండు వీధుల అవతల తాళాల షాపు ఇద్దరిదీ. పాత తాళాలు బాగుచేస్తారు, పోయిన తాళంచెవులకి బదులు కొత్తవి చేసిస్తారు. మేనకోడలు ఓరోజు వసారా చివరి నుంచి "తాళాల మావయ్యా, ఇటూ!" అని కేకపెట్టింది. ఆ పూటనుంచి ఆయన డాక్టరమ్మకీ, నర్సులకీ, గేటు దగ్గర కూర్చునే మనిషికీ మావయ్యే.

ఆవిడ నాన్న, అంటే మావయ్య బావగారి తీరు పూర్తిగా వేరు. గెలవకపోతే ఆయనకి అన్నం సయించదు. గొంతు కూడా గెలిచినవాడి గొంతే. పరీక్ష గదిలో జవాబు చెబితే వసారా చివర కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకునేవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. చెప్పడం అవగానే చొక్కా కాలరు సర్దుకుంటూ బయటికొచ్చి, "ఐదుకి ఐదూ!" అని అందరికీ ప్రకటించేవాడు.

మావయ్య ఎప్పుడూ బావ వెనకే లోపలికొచ్చేవాడు. వచ్చి కూర్చుని ముందుగా అడిగేది ఒకటే.

"బావకెంత?"

"చెప్పకూడదు మావయ్యా."

"పోన్లే, వినబడిందిలే."

ఇక మొదలుపెట్టేవాడు. కిటికీ, ఏనుగు, నిమ్మకాయ, దువ్వెన, వంతెన. ఇవీ ఐదు మాటలు. నాలుగు గడగడా చెప్పి ఐదోదాని దగ్గర నుదురు కొట్టుకునేవాడు.

"ఐదోది రావట్లేదమ్మా. నది మీద ఉంటుందే, మనుషులు దాటుతారు, కింద నీళ్ళుంటాయి..."

"వంతెనా?"

"ఏమో మరి. ఆ మాట మాత్రం నా నోట రాలేదు. రాలేదనే రాసుకో."

గడియారం ఎంతో ముద్దుగా గీసేవాడు. గుండ్రంగా, తీర్చిదిద్దినట్టు. అంకెల్లో మూడు మాత్రం ఉండేది కాదు.

"మూడేది మావయ్యా?"

"మూడింటికి నేను షాపులో కునుకు తీస్తానమ్మా. ఆ అంకెతో నాకెప్పుడూ పనిపడలేదు."

పిడికిలి బిగించమంటే పరికరంలో ముల్లు కదిలీ కదలనట్టు కదిలేది. డాక్టరమ్మకి ఒళ్ళు మండింది. ముందురోజే ఆవిడ ఇంటి గేటు తాళం తుప్పుపట్టి బిగుసుకుపోతే, సుత్తి కూడా అడక్కుండా ఈయనే వచ్చి చేత్తో మెలిపెట్టి ఊడదీశాడు.

"ఈ చెయ్యేనా నిన్న మా తాళం తీసింది?"

"దానికి నన్ను చూస్తే జాలేసిందమ్మా."

అన్నీ అయ్యాక బయటికెళ్ళి, "మళ్ళీ మీరే గెలిచారు బావా" అని విచారంగా ప్రకటించేవాడు. బావగారు భుజం తట్టేవాడు. ఇద్దరూ టీ తాగడానికి వెళ్ళేవాళ్ళు. ఓడినవాడు గెలిచినవాడికంటే హుషారుగా నడిచేవాడు.

రెండేళ్ళు ఇలా గడిచాక లెక్క తప్పింది. బావగారికి ఐదులో నాలుగే వచ్చాయి. మావయ్యకి మూడు. ఆపైసారి బావగారు తలుపు దగ్గర ఆగి, "ఈసారి వాడు ముందు" అన్నాడు.

"మీరు పెద్దవారు బావా."

"పెద్దవాణ్ణి కాబట్టే చెబుతున్నా. వెళ్ళరా."

"నేను చెప్పులు విప్పాలి."

"నేను కళ్ళద్దాలు తుడుచుకోవాలి."

అద్దాలు తుడవడం, చెప్పులు విప్పడం చాలాసేపు సాగింది. చివరికి ఎవరు ముందెళ్ళారో ఏమోగాని ఆసారి బావగారికి మూడు, మావయ్యకి రెండు. పిడికిలీ తగ్గింది. నడకా తగ్గింది. కాగితం మీద ఇద్దరి గీతలూ జోడెడ్లలా పక్కపక్కనే కిందికి దిగుతున్నాయి. డాక్టరమ్మ ఆ కాగితాలు మళ్ళీ మళ్ళీ తిరగేసింది. ఒకే షాపులో కూర్చునే ఇద్దరికి ఒకేసారి ఇలా ఎందుకవుతోంది? గాలా, నీళ్ళా, తాళాలకి పూసే నూనా? ఆ నూనెని కూడా సీసాలో పట్టించి పరీక్షకి పంపింది. అది నూనేనని తేలింది.

మేనకోడలికి చెప్పక తప్పలేదు.

"ఆ షాపులో తాళంచెవులకి గాట్లు పెట్టే మిషనుందండీ. మతి సరిగా లేకపోతే వేళ్ళు పోతాయి. ఈసారి కూడా తగ్గితే షట్టరు దించేస్తాను. నాన్న ఇంట్లో కూర్చుంటారు. మావయ్య వాళ్ళింట్లో కూర్చుంటాడు."

"వాళ్ళతో చెప్పారా?"

"లేదు. మీరే రాసివ్వండి. మీ మాటైతే వింటారు."

డాక్టరమ్మకి ఆ 'కూర్చుంటారు' అన్న మాట గుచ్చుకుంది. కుర్చీలో కూర్చోబెట్టిన ముసలివాళ్ళకి ఏమవుతుందో ఆవిడకి బాగా తెలుసు. పరిశోధన మొత్తం దాని గురించే.

తర్వాతి పరీక్షరోజు నడకతో మొదలైంది. "వాడు ముందు", "బావ ముందు" అని మళ్ళీ తగవు. డాక్టరమ్మకి విసుగొచ్చింది.

"ఇద్దరూ కలిసే నడవండి. వసారా వెడల్పుగానే ఉంది."

గీత దగ్గర నిలబడ్డారు. ఆవిడ చేతిలోని సెకన్ల గడియారం నొక్కింది. బయల్దేరారు. నాలుగడుగులు బాగానే వేశారు. మావయ్య ఓరకంట పక్కకి చూసి అడుగు చిన్నది చేశాడు. బావగారు అదిచూసి ఇంకా చిన్నది చేశాడు. మావయ్య గోడమీది పోస్టరు చదవడం మొదలుపెట్టాడు. బావగారు వంగి చెప్పులో లేని రాయిని వెతికాడు. సగం దారిలో ఇద్దరూ నిలిచిపోయారు.

"మీరు నడవండి బావా."

"నువ్వు పదరా."

"మీ తర్వాతే."

"నాకు మోకాలు నొప్పిరా."

"నాకు రెండు మోకాళ్ళూ."

వెనకనుంచి చేతికర్ర పట్టుకుని ఒక ముసలామె వచ్చింది. "అడ్డం లేవండి నాయనా" అని ఇద్దర్నీ పక్కకి నెట్టి, గీత దాటి, ఎక్స్‌రే గదివైపు వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ చేతిలో గడియారం తిరుగుతూనే ఉంది. అప్పుడు అర్థమైంది ఆవిడకి.

"ఇద్దరూ లోపలికి రండి."

అల్లరి చేసి దొరికిన పిల్లల్లా వచ్చి కూర్చున్నారు. ముందు బావగారే నోరు విప్పాడు.

"నిజం చెబుతున్నానమ్మా. వీడికి మతి పోతోంది. ప్రతిసారీ అందరికంటే కింద వీడే. ఒక్కడే అలా అడుగున ఉంటే బెంగపెట్టుకుంటాడని నేనూ ఒక మాట మింగా."

మావయ్య కుర్చీలోంచి లేచాడు, చేతులు ఆనించకుండా.

"మీరు మింగారా? మీ మూలాన నేను ఇంకోటి మింగాల్సొచ్చింది!"

"నువ్వెందుకు మింగావురా?"

బావగారు రెండుసార్లు అడిగి, జవాబు రాక, కోపంగా కుళాయి దగ్గరికి వెళ్ళాడు. మావయ్య తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు.

"అక్క పోయాక ఈయన కుర్చీ దిగలేదమ్మా. తిండి ఆ కుర్చీలోనే, నిద్ర ఆ కుర్చీలోనే. నేను క్యారమ్ బోర్డు పట్టుకెళ్ళా. మొదటిరోజు ఒళ్ళు మరిచిపోయి గెలిచేశా. మర్నాడు తలుపు తియ్యలేదు. కిటికీలోంచి బతిమాలి లోపలికెళ్ళి, ఈసారి ఓడిపోయా. తెల్లారేసరికి ఆయనే షాపుకొచ్చాడు, 'ఏరా, ఇంకో ఆటేద్దామా?' అంటూ. ఓడినవాడు ఇంట్లో కూర్చుంటాడమ్మా. గెలిచినవాడు మళ్ళీ వస్తాడు."

డాక్టరమ్మ చేతిలో కలం కింద పెట్టింది. తర్వాత, "సరే, బావగారి దగ్గర ఓడిపోయారు. ఊళ్ళో అందరి దగ్గరా ఎందుకు?" అంది.

"మధ్యలో గెలిస్తే చెయ్యి పాడైపోదూ?"

అప్పుడు షట్టరు సంగతి చెప్పింది.

"అయితే గెలవాలా?"

"గెలవాలి. ఇద్దరూ."

"నాకు రాదే!"

బావగార్నీ పిలిచి షట్టరు మాట చెప్పి, ఇద్దర్నీ చెరో గదిలో కూర్చోబెట్టి తలుపులు బిగించింది. ఒకరి సంగతి ఒకరికి చెప్పనని ఒట్టు వేసింది. మావయ్య పిడికిలి బిగిస్తే ముల్లు గిర్రున తిరిగింది. నడవమంటే గడియారం నొక్కేలోపు అవతలి గీత మీదున్నాడు. గీసిన గడియారంలో మూడు తిరిగొచ్చింది, మిగతావాటికంటే కాస్త లావుగా. ఐదు మాటలు అడిగితే వెనకనుంచి మొదలుపెట్టాడు.

"వంతెన! అబ్బ, ఇన్నాళ్ళూ గొంతులో అడ్డంపడి చంపిందమ్మా. ఇంకోసారి చెప్పనా?"

బావగారికి దువ్వెన నిజంగానే గుర్తురాలేదు. ఆయన తన నున్నటి తల తడుముకుని, "దాని జ్ఞాపకం దీనికెందుకుంటుందిలే" అన్నాడు. ఆ వయసులో ఒక మాట జారడం మామూలేనని డాక్టరమ్మ రాసుకుంది.

బయటికొస్తూ బావగారు చెవిలో అడిగాడు.

"వాడికెంత?"

"మీకంటే ఒకటి ఎక్కువ." ఒట్టు తప్పింది.

"బతికించావు తల్లీ" అని ఆయన గోడకి ఆనుకున్నాడు.

రెండో గదిలోంచి మావయ్య వచ్చాడు. "బావకెంత?"

డాక్టరమ్మ ఉద్యోగంలో చేరాక ఆ పూటదాకా అంకెల విషయంలో అబద్ధమాడలేదు.

"మీకంటే ఒకటి ఎక్కువ."

"అయ్యో, పోయిందే!" అన్నాడు మావయ్య.

మేనకోడలికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది. షట్టరు జోలికి వెళ్ళొద్దని, ఆస్పత్రిలో ఉన్న మందులన్నీ కలిపినా ఆ షాపుకి సాటిరావని చెప్పింది. ఆవిడ నవ్వుతూ కళ్ళు తుడుచుకుని ఆటో పిలిచింది.

కొన్నాళ్ళకి డాక్టరమ్మ తాళంచెవి ఒకటి చేయించుకోవడానికి షాపుకెళ్ళింది. రెండు స్టూళ్ళ మధ్య బల్లమీద క్యారమ్ బోర్డు. బోర్డుమీద చెరో కాయా, ఎర్రకాయా మిగిలాయి. ఎర్రకాయ గుంత అంచున నిలబడి ఉంది, ఊదితే పడేలా.

మావయ్య కన్ను మూసి, గురిచూసి కొట్టాడు. స్ట్రైకర్ ఎదురు మూలకి వెళ్ళింది.

"అయ్యో!"

బావగారు కాలరు సర్దుకుని, ఇంకా జాగ్రత్తగా గురిచూసి కొట్టాడు. స్ట్రైకర్ బోర్డు దాటి బల్లకిందికి దొర్లింది.

"అయ్యో!"

"కూర్చోమ్మా," అన్నాడు మావయ్య తలెత్తకుండా. "ఈ ఆట అవగానే చేసిస్తా."

ఆ ఆట ఇప్పట్లో అవదని డాక్టరమ్మకి తెలుసు. వంగి, బల్లకిందున్న స్ట్రైకర్ తీసి బోర్డుమీద పెట్టి, తనూ ఒక స్టూలు లాక్కుని కూర్చుంది.