రాళ్ల కుప్ప తీయను

మా ఇంటి వెనక ఒక రాళ్ల కుప్ప ఉంది. అందులో ఒక జెర్రిపోతు ఉంటుంది. ఆ కుప్పను తీసేయమని మా వీధిలో చాలామంది చాలాసార్లు చెప్పారు. తీయలేదు. తీయను. ఎందుకు తీయనో నోటితో చెప్పి చెప్పి విసుగొచ్చింది కనుక ఈసారి కాగితం మీద పెడుతున్నాను.

నేను బొగ్గుబాయిలో సర్దారుగా పనిచేసి రిటైరయ్యాను. సర్దారు అంటే పెద్ద హోదా ఏమీ కాదు. షిఫ్టు మొదలయ్యే ముందు, మిగతావాళ్లు లోపలికి అడుగుపెట్టక ముందే దిగి, పని జరిగే జాగా అంతా చూసుకోవాలి. చేతికర్రతో నెత్తి మీది బొగ్గు కప్పును కొట్టి చప్పుడు వినాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది. విడిపోతున్న కప్పు ఖాళీ డబ్బాలా డొల్లగా పలుకుతుంది. చూసిందంతా రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం పెడితేనే జనం పనిలోకి వస్తారు. తర్వాతి షిఫ్టు సర్దారు అది చదివి కింద తన సంతకం పెడతాడు. ఆ పుస్తకంలో రబ్బరు వాడకూడదు, దిద్దకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒకే ఒక్క గీత గీసి, కింది అక్షరాలు కనబడేలా ఉంచి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ఇంట్లో డైరీ కూడా అలాగే రాస్తాను. పెళ్లికి ముందు నుంచీ రాస్తున్నాను. మా ఆవిడ దాన్ని నా రెండో సంసారం అంటుంది.

కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి నస్పూర్ శివారులో ఇల్లు కట్టుకున్నప్పుడు పునాది రాళ్లు కొన్ని మిగిలాయి. వెనక ఒక గోడ కట్టిద్దామని బండల మీద బండలు పేర్చి ఉంచాను. గోడ కట్టలేదు. రాళ్ల మీద తిప్పతీగ అల్లుకుంది. రెండో వానాకాలంలో ఒక ఉదయం అందులోంచి జెర్రిపోతు బయటికొచ్చి, పక్కింటికీ మాకూ మధ్యనున్న గోడ వెంబడి సాగిపోయింది. కదలకుండా నిలబడి చూశాను. పామును టేపు పెట్టి కొలవలేం. గోడకు సిమెంటు పూత వేయలేదు కాబట్టి ఇటుకలు లెక్కపెట్టాను. తల మొదటి ఇటుక దగ్గర ఉన్నప్పుడు తోక తొమ్మిదో ఇటుక దగ్గర ఉంది. గోధుమరంగు ఒళ్లు, పెదవుల మీద నిలువు నల్లగీతలు, తోక వైపు నల్లటి వల లాంటి గీతలు. పడగ లేదు. విషం లేదు. ఇదంతా ఆరోజు పేజీలో ఉంది.

ఆ తర్వాత దాని అలవాట్లు తెలిశాయి. ఎండ మూడో బండ మీదికి చేరాక తల బయటపెడుతుంది. కాసేపు కాచుకుంటుంది. మబ్బు పట్టిన రోజు రాదు. అది రాకముందు పందికొక్కులు మా వంటింటి వెనక మట్టి తోడి తోడి గచ్చు కింద బోలు చేశాయి. తర్వాత తోడలేదు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేనెక్కడా రాయలేదు. రెండూ రాశాను, అంతే.

ఆ గోడకు అవతల ఉండేవాడు మా బాయిలోనే హాలర్ డ్రైవరుగా పనిచేశాడు. బొగ్గు తొట్లను తాడుతో పైకి లాగే యంత్రం నడిపేవాడు. ఇప్పటికీ అందరం అతన్ని హాలరు అనే అంటాం. నాకంటే రెండేళ్లు చిన్న. ఒకసారి కప్పు జారి ముగ్గురం ఒకవైపు ఇరుక్కుపోయినప్పుడు, బీడీ లేదని తప్ప ఇంకో బాధ లేనట్టు జోకులేస్తూ కూర్చున్న మనిషి. అలాంటివాడు మొదటిసారి జెర్రిపోతును చూసి గోడ మీదుగా నన్ను పిలిచిన గొంతు వింటే ఎవరికైనా జాలి వేస్తుంది.

"సర్దారన్నా! మీ రాళ్లల్ల పురుగున్నది."

అతను పాము అనడు. పేరెత్తితే వస్తుందని వాళ్ల అవ్వ నేర్పింది. ఇచ్చోడ అవతల వాళ్ల ఊళ్లో అతని అక్కను చేనులో పాము కరిస్తే, బండి కట్టి రోడ్డు దాకా తెచ్చేలోపే పోయింది. ఈ సంగతి నాకు తెలుసు. అందుకే అతని భయాన్ని చూసి నేనెన్నడూ నవ్వలేదు.

"అది జెర్రిపోతు తమ్మీ. దానికి విషం లేదు."

"దానికి లేకపోతే దాని పెండ్లానికి ఉంటది గదనే! జెర్రిపోతు మొగది, నాగుపాము ఆడిది. ఇది ఉన్నకాడ అది ఉంటది. గీ మాత్రం నీకు ఎర్కలేదా?"

చూడండి, పేరెత్తనివాడు వాదనలో పేరు కూడా ఎత్తేశాడు. మా వైపు ఈ నమ్మకం చదువుకున్నవాళ్లలో కూడా ఉంది. జెర్రిపోతుకు జెర్రిపోతే జత, నాగుకు నాగే జత అని ఎంత చెప్పినా ఎక్కదు. నేను మాత్రం ఒక మాట ఇచ్చాను. "ఇగో తమ్మీ, గీ కుప్పల విషపు పాము ఒక్కటి కనబడ్డా నేనే వచ్చి నీకు చెప్త. నువ్వు అడగకముందే చెప్త. సరేనా?"

"చెప్తవు, చెప్తవు. కరిచినంక చెప్తవు" అని లోపలికి పోయాడు.

మృగశిర దాటి నాలుగు వానలు పడ్డాక, మా రెండిళ్ల వెనకనున్న ఖాళీ జాగాలో పెద్ద హడావిడి అయింది. రెండు జెర్రిపోతులు పెనవేసుకుని, నడుముల దాకా లేచి, ఒకదాన్నొకటి నేలకు వంచుతున్నాయి. వీధి వీధంతా దూరంగా నిలబడింది. అప్పుడు హాలరు భార్య ఇంట్లోంచి పరుగున వచ్చింది. నెల నుంచి మా రాళ్లను చూసి రోజూ దండం పెట్టి తిట్టే మనిషి. చేతిలో కొత్త కండువా. వేములవాడ పోయినప్పుడు అల్లుడికని తెచ్చింది. సయ్యాటాడే పాముల మీద కొత్త బట్ట పడేసి, తర్వాత దాన్ని బీరువాలో దాచుకుంటే ఇల్లు కలిసొస్తుందట.

"చెల్లే, దగ్గరికి పోకు. అది సయ్యాట కాదు. రెండూ మొగయే. కొట్లాడుతున్నయ్" అన్నాను.

"అన్నా, మీరు జర ఊకోన్రి. లచ్చిమి వచ్చే యాళ్లకు కొట్లాట అంటరు!"

కాళ్లు నేలకు రాసుకుంటూ నాలుగడుగులు వేసి కండువా విసిరింది. అది ఆ రెండింటి మీదా పడింది. పాములు బెదిరి విడిపోయి చెరోవైపు పోయాయి. ఆమె కండువాను కర్రతో లాక్కుని, మడతపెట్టి, కళ్లకద్దుకుని తీసుకుపోయింది. మా ఆవిడ నా పక్కనే నిలబడి, "కొట్లాట మీద బట్టేస్తే ఇంట్ల కొట్లాటలు కలిసొస్తయా?" అని గొణిగింది. ఆరోజు డైరీలో అది కూడా రాశాను.

మూడు రోజులు కాలేదు, అదే హాలరు వీధిలో ఇంకో నలుగురిని వెంటేసుకుని మా గేటు ముందుకొచ్చాడు. కుప్ప తీసెయ్యాలట. ఒకటికి రెండయ్యాయట.

"బట్ట ఏమో బీరువాల పెట్టుకున్నరు. పామును ఏమో బొంద పెడుతరా?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. "దాని నుంచి లచ్చిమి గావాలె, అది మాత్రం వద్దు. తీయ. పోన్రి."

వెళ్లిపోయారు. ఆ వారం మా ఇంటికి ఎవరూ రాలేదు.

ఇప్పుడు నా తప్పు రాయాలి. దాన్ని దాటేస్తే ఈ రాతంతా దండగ.

శ్రావణంలో ముసురు పట్టింది. వీధి మోరి పొంగి నీళ్లు మా పెరటి దాకా వచ్చాయి. ఒక సాయంత్రం గొడుగు పట్టుకుని వెనక్కి పోతే, కుప్ప కింది వరసలో ఒక సందులోకి తోక జారిపోవడం కనిపించింది. మూరెడు తోక. తల చూడలేదు. లోపలికొచ్చి డైరీలో "జెర్రిపోతు, కుప్పలోకి" అని రాశాను. చూడనిది చూసినట్టు రాశాను. బాయిలో ఈ పని చేసిన ఒక కుర్ర సర్దారును నేనే అందరి ముందూ కడిగేశాను. కప్పు కొట్టకుండా కొట్టినట్టు రాశాడని.

తెల్లారి వాన తెరిపిచ్చింది. అదే సందులోంచి తల బయటికొచ్చింది. నేను రెండడుగులు ముందుకేశాను. తల లేచింది, మెడ విచ్చుకుంది. నాగుపాము.

వెనక్కి నడిచి, ఇంట్లోకొచ్చి, డైరీ తెరిచి, నిన్నటి మాట మీద ఒక గీత గీశాను. పొట్టి సంతకం పెట్టాను. పక్కన "నాగుపాము. నిన్న తల చూడలేదు" అని రాశాను. మా ఆవిడ చాయ్ తెచ్చి, నా ముఖం చూసి, పేజీ చూసింది. ఆమెకు చదవడం వచ్చు.

"ఇప్పుడు పోయి ఆయనకు చెప్తవా?"

"చెప్త."

"చెప్తె గా కుప్ప ఉంటదా? రేపు పొద్దుగాల్లకు ఉండదు. ఇగో, ఎవలకు తెల్వది గద. పాములు పట్టేటాయన్ను సప్పుడు లేకుంట పిలిపించి తీసుకపొమ్మను. జర ఊకోరాదు?"

ఆమె చెప్పినదాంట్లో తప్పు లేదు. కుప్ప మీద నాకంటే ఆమెకే ఎక్కువ ఇష్టం. రోజూ మూడో బండను చూసి "నీ దోస్తు వచ్చిండు" అని నన్ను పిలిచేది ఆమే. కానీ ఆ మాట ఇచ్చింది నేను. చెప్పులేసుకుని పక్కింటికి పోయి చెప్పాను. నిన్న తప్పు రాశానని కూడా చెప్పాను.

హాలరు అంతా విన్నాడు. తర్వాత వాకిట్లోకి వచ్చి వీధికంతా వినబడేలా అరిచాడు. "నేన్జెప్పలే? దాని పెండ్లాం వచ్చింది!"

రోడ్డు మీద పంక్చర్ల దుకాణం నడిపే ఒకాయన పాములు పట్టి అడవిలో వదిలేస్తాడు. పది గంటలకల్లా వచ్చాడు. కుప్ప కింది వరసలో ఆరు బండలు తీశాడు. ప్రతి బండ ఎక్కడిదో సుద్దతో అంకె వేశాను. నాగును కొక్కెంతో ఎత్తి సంచిలోకి దించాడు. "మోరి నీళ్లకు బొరియ మునిగి ఇటు వచ్చింది. దీనికి, జెర్రిపోతుకు ఏం చుట్టరికం లేదు" అని అందరికీ వినబడేలా చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు. అతను పోయాక ఆరు బండలూ అంకెల ప్రకారం తిరిగి పెట్టాను. నేల దగ్గరి సందులకు చిన్న రాళ్లు దట్టించాను. చుట్టూ రెండు బారల మేర గడ్డి కోయించాను.

మర్నాడు పొద్దున్నే మోరి తవ్వడానికి జేసీబీ వచ్చింది. పనిలో పనిగా మా రాళ్లు ఎత్తేయమని హాలరు దాన్ని మా వెనక సందులోకి మళ్లించాడు. నేను నీలం ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కుప్ప ముందు వేసుకుని కూర్చున్నాను. ఒళ్లో డైరీ. జేసీబీ డ్రైవరు ఇంజను ఆపి, "పెద్దాయన లేస్తడా, నేను పోవాల్నా?" అని అడిగాడు. నేను లేవలేదు. వీధి జనం చేరారు.

"లే సర్దారన్నా. ఇజ్జత్ తీసుకోకు" అన్నాడు హాలరు.

"తమ్మీ, ఒక్కటి చెప్పు. కప్పు డొల్ల పలికిందని ఎన్నడన్న బాయి మూసినమా?"

"బాయి ముచ్చట ఎందుకిప్పుడు?"

"చెప్పు."

"మూయలే."

"ఏం జేసినం? గా జాగకు నిషాని పెట్టినం. కప్పు కింద దిమ్మె నిలబెట్టినం. కొట్టి సూసుకుంట పని చేసుకున్నం. ఇక్కడ గూడ గదే జేసిన. నిషాని పెట్టిన, సందులు మూసిన."

"బాయి మనకు జీతమిచ్చింది. నీ పురుగు ఏమిస్తది?" అన్నాడు. జనం నవ్వారు. మంచి మాటే అన్నాడు, నేనూ నవ్వాను.

"ఏమియ్యదు. ఏమన్న ఇస్తెనే బతకనియ్యాల్నా?" అన్నాను. "సరే, అది వదిలెయ్. గన్నేండ్లు నువ్వు రిపోర్టు పుస్తకంల ఎవ్వని దస్తకతు జూసి కిందికి దిగినవ్?"

అతను నా ఒళ్లోని డైరీ వైపు చూశాడు.

"నాది జూసే గద? మొన్న నేను తప్పు రాసిన. నేనే కొట్టేసిన. నేనే వచ్చి చెప్పిన. చెప్పకపోతే నీకు ఎర్కయ్యేదా?"

డైరీ తెరిచి గీత గీసిన పేజీ అతనికిచ్చాను. కళ్లద్దాలు లేవని దూరంగా పట్టుకుని చూశాడు. గీతనూ, పొట్టి సంతకాన్నీ చూశాడు. అతను బాయిలో ఇలాంటి గీతలు చాలా చూసి ఉంటాడు. అతని భార్య వెనక నుంచి, "ఏం సూస్తున్నవ్, తీయించు" అంది.

"నువ్వుండు జర" అన్నాడామెతో. నా వైపు తిరిగి, "రోజు రాస్తవా?" అని అడిగాడు.

"రాస్తనే ఉన్న."

"నీ దగ్గర పెట్టుకునుడు గాదు. గోడకు తలిగెయ్యి. నేను సూసి దస్తకతు పెట్టాలె. ఒక్క పూట రాయకున్నా జేసీబీ మళ్ల వస్తది."

"రెండో షిఫ్టు సర్దారు చూసి పెట్టినట్టు?"

"ఆ. గట్లనే."

జేసీబీ మోరి దగ్గరికి పోయింది. జనం నిరాశగా చెదిరారు.

ఆనాటి నుంచి మధ్య గోడకు ఒక మేకు, ఆ మేకుకు ప్లాస్టిక్ సంచిలో ఒక నోటుబుక్కు. పొద్దున నేను కర్రతో నేల తట్టుకుంటూ కుప్ప చుట్టూ తిరిగి, చూసింది రాసి, సంతకం పెడతాను. చూడనిది చూడలేదని రాస్తాను. కాసేపటికి గోడ అవతల నుంచి ఒక చెయ్యి వచ్చి సంచి తీసుకుంటుంది. నాగు పోయాక తొమ్మిది రోజులు జెర్రిపోతు కనబడలేదు. తొమ్మిది రోజులూ "కనబడలేదు" అనే రాశాను. పదో రోజు మూడో బండ మీద ఉంది. పక్క వీధివాళ్లు ఇంకా వచ్చి కుప్ప తీయమంటారు. నాగును దాచుకున్న ముసలాడని నాకు పేరు కూడా పెట్టారు. పెట్టుకోనీ.

పోయిన నెల మా ఆవిడ కంటి ఆపరేషనుకు కరీంనగర్‌లో రెండు రోజులు ఉండాల్సి వచ్చింది. పోయేటప్పుడు నోటుబుక్కు గురించే నా ఆలోచన. తిరిగొచ్చి సంచి విప్పాను. రెండు రోజుల పేజీలూ ఖాళీగా లేవు. పెద్ద పెద్ద వంకర అక్షరాల్లో, హాలరు రాత.

"పొద్దున గోడ మీదికెల్లి చూసిన. పురుగు మూడో బండ మీదికి వచ్చింది. తలకాయ చూసిన. పాతదే. లోపటికి పోయింది."

కింద అతని సంతకం. రెండో సంతకం జాగా నాకోసం వదిలాడు. పెట్టాను. పురుగు అన్న మాట మీద గీత గీయలేదు.