విమానమెక్కిన సురంగల్ గులాబీలు

గులాబీ పువ్వు విమానమెక్కి దేశం దాటిపోతుందంటే నా చిన్నప్పుడు మా సురంగల్‌లో ఎవరూ నమ్మలేదు. అప్పటికి మాకు తెలిసిన దూరమల్లా హైదరాబాదులోని మెహదీపట్నం. తెల్లారగానే టమాటలు, పాలకూర, క్యారెట్ గంపలు బస్సు మీదికెక్కించి, అక్కడ అమ్ముకుని మధ్యాహ్నానికి తిరిగి రావడమే మాకు తెలిసిన వ్యాపారం. మన దేశం బయటి దేశాల కంపెనీలకు తలుపులు తెరిచిందని రేడియోలో చెబుతుంటే మా నాన్న చెవి పెట్టి వినేవాడు. అది ఢిల్లీకో బొంబాయికో సంబంధించిన సంగతనే అనుకునేవాడు.

కొన్నాళ్లకే మొయినాబాద్ దారిలో ఒక పూల కంపెనీ భూములు తీసుకుని, ప్లాస్టిక్ పైకప్పులతో పెద్ద పెద్ద పందిళ్లు వేసింది. లోపలంతా గులాబీలు. మోకాలి దాకా వచ్చే కాడలు, వాసన మాత్రం లేదు. వాసన లేని పువ్వు ఎవరు కొంటారని మా ఊరి ఆడవాళ్లు నవ్వుకుంటూనే పనికి కుదిరారు. అందరికంటే ముందు కుదిరింది మా మేనత్త, నాన్నకు అక్క. ఆమె బడి మొహం చూసింది లేదు. భర్త పోయాక ఇద్దరు పిల్లలను ఒంటి చేత్తో పెంచుకొచ్చింది. ఎండలో వంగి కలుపు తీసి తీసి నడుము పట్టేసిన ఆమెకు, నీడలో నిలబడి పూలు ఏరి కట్టలు కట్టే పని దొరకడమంటే ప్రాణం లేచి వచ్చినట్టయింది.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. హాలండ్‌కు పంపిన పూలు బాగా లేవని రెండుసార్లు కబురొచ్చింది. కోస్తా నుంచి వచ్చి ఆ కంపెనీలో మేనేజరుగా ఉన్న సారు అందరినీ నిలబెట్టి చెప్పేశాడు. వచ్చే వారం నుంచి పూలు ఏరడానికి బెంగుళూరు నుంచి నేర్చినవాళ్లు వస్తారు, ఊరి ఆడవాళ్లంతా మళ్లీ కలుపు పనికి పోవాలి. ఆ సాయంత్రం మా మేనత్త మా ఇంటికి వచ్చి ఏమీ తినకుండా కూర్చుంది.

మర్నాడు ఆదివారం. బడి లేదు కాబట్టి ఆమెకు సద్ది తీసుకుని నేనే వెళ్లాను. అప్పుడు నాది అయిదో తరగతి. పూలు కట్టే షెడ్డులోకి అడుగు పెట్టేసరికి మేనేజరు పక్కన ఒక పొడవాటి తెల్ల మనిషి ఉంది. ఆ పూలు కొనే దొరసాని ఆమేనని, ఏం తప్పు జరుగుతోందో చూడటానికి స్వయంగా వచ్చిందని ఎవరో నా చెవిలో చెప్పారు. వాళ్లిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. మా వాళ్లు తలలు వంచుకుని గోడకు ఆనుకున్నారు. మా మేనత్త మాత్రం తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందుకు నడిచింది.

"సారూ, జర ఆమెను అడుగుండ్రి. మా పూలల్ల ఆమెకు ఏం నచ్చలేదంట?"

"అది నీకు అర్థం కాదులే అమ్మా. ఎక్స్‌పోర్ట్ వ్యవహారం."

"అర్థమైతదో కాదో ఇన్నంక తెలుస్తది గద. మీరైతే అడుగుండ్రి."

మేనేజరు ఇబ్బందిగా నవ్వి ఆ మాట దొరసానికి చెప్పాడు. ఆమె ఒక్క క్షణం మా మేనత్తను పరీక్షగా చూసి, బల్ల మీది కట్ట ఒకటి విప్పి పూలన్నీ వరసగా పరిచింది. ఒక కాడ పొడుగు, పక్కది బెత్తెడు పొట్టి. ఒకటి మొగ్గ, ఇంకొకటి సగం విచ్చుకుంది. నలభై, యాభై, అరవై సెంటీమీటర్లని మూడు రకాల కట్టలని, ఒక్కో కట్టలో అన్నీ ఒక్క పొడవుండాలని, తమ ఊరు చేరేసరికి రోజులు పడతాయి కాబట్టి ఇక్కడే విచ్చుకున్న పువ్వు అక్కడ రాలిపోతుందని ఆమె చెప్పింది. మేనేజరు తెలుగులో చెప్పాడు.

"గింతేనా? గీ ముక్క ముందుగాల చెప్తే అయిపోతుండె గద సారూ!"

మేనేజరు గోడ వైపు చూశాడు. అక్కడ ఆ నియమాలన్నీ ఉన్న కాగితం మొదటి రోజు నుంచీ అంటించే ఉంది. ఇంగ్లీషులో ఉంది.

మా మేనత్త నన్ను పిలిచింది. "బిడ్డా, గిటు రా. గీ టేపు మీద నలభై యాడున్నదో, యాభై యాడున్నదో, అరవై యాడున్నదో సూపెట్టు." నేను ఒక్కొక్కటే వేలితో చూపించాను. ఆమె ఒక వెదురు బద్ద తెచ్చి, నేను చూపిన చోటల్లా కొడవలితో గాటు పెట్టింది. పాత చీర పేలికలు చించి, ఒక్కో గాటు దగ్గర ఒక్కో రంగుది కట్టింది. అంకెలు రాకపోయినా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ఎవరికైనా తెలుస్తాయి. తర్వాత దొరసాని చేతనే సరైన మొగ్గ ఒకటి ఎంపిక చేయించి, గాజు గ్లాసులో పెట్టి బల్ల మధ్యన నిలిపింది. దానికంటే ఎక్కువ విచ్చుకున్నది ఏదైనా పక్కకు తీయాలి. అంతే.

ఆడవాళ్లంతా బల్ల చుట్టూ చేరారు. గంట సేపు కాడలు కొలుస్తూ, మొగ్గలు ఏరుతూ కట్టలు కట్టారు. దొరసాని టేపు తీసుకుని కట్టకట్టనూ విప్పి కొలిచింది. చివరికి ఒక్క కాడ పొట్టిగా దొరికింది. మా మేనత్త చటుక్కున దాన్ని లాక్కుని, "గది నాదే. మీ దిక్కు సూసుకుంట ఏసిన" అంది. మేనేజరు ఆ మాట తర్జుమా చేయగానే దొరసాని పగలబడి నవ్వింది. మా మేనత్త తడి చేయి పట్టుకుని గట్టిగా ఊపింది. "ఇంత బాగా చేసేవాళ్లు ఉండగా బయటి నుంచి మనుషులెందుకని అడుగుతోంది" అన్నాడు మేనేజరు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులోనూ సంతోషం ఉంది. ఇంగ్లీషు కాగితం చించేసి తెలుగులో ఆయనే స్వయంగా రాశాడు.

ఆ రోజు పెట్టెలు నింపుకుని లారీ బేగంపేట విమానాశ్రయానికి బయల్దేరింది. ఆడవాళ్లంతా రోడ్డు దాకా ఉరికి, పెళ్లికూతురిని సాగనంపినట్టు చేతులూపారు. ఆ తర్వాత ఏ పెట్టె గురించీ ఫిర్యాదు రాలేదు. బెంగుళూరు నుంచి ఎవరూ రాలేదు. చేవెళ్ల వైపు కొత్తగా పెట్టిన పూల తోటలవాళ్లే మా మేనత్తను తీసుకెళ్లి పని నేర్పించుకున్నారు.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆమెను అడిగాను, అంతమందిలో మాట్లాడటానికి భయం కాలేదా అని. "ఎందుకు గాలే? కాళ్లు గజగజ వణికినయ్. కని అడుగకుంట ఇంటికొస్తే, పొద్దుమూకులు గదే మనసుల మెదిలేది బిడ్డా" అంది.

ఇప్పుడు నేను చందనవెల్లిలో ఒక ఫ్యాక్టరీలో వంద మంది ఆడవాళ్లకు పని నేర్పుతున్నాను. అక్కడ తయారైన వస్తువులు ఏయే దేశాలకు పోతాయో అన్నీ నా నోటికి రావు. మొన్నొక కొత్త మెషిన్ వచ్చినప్పుడు, దాన్ని బిగించడానికి జపాన్ నుంచి వచ్చిన ఇంజనీరు ముందు మా దగ్గర పనిచేసే ఆడపిల్లలంతా బిక్కచచ్చి నిలబడ్డారు. నేనే ముందుకు వెళ్లి, వచ్చీరాని ఇంగ్లీషులో నాకు తెలియనివన్నీ ఒక్కొక్కటే అడిగాను. ఆయన ఓపికగా చెప్పాడు. వారం తిరిగేసరికి ఆ మెషిన్‌ను మా పిల్లలే నడిపారు. దూరం నుంచి వచ్చిన మనిషిని చూసినా, కొత్త వస్తువును చూసినా నాకు ఈ రోజుకీ గుండె కాస్త దడదడలాడుతుంది. ఆ దడతోనే వెళ్లి అడుగుతాను. తెలియదని ఒప్పుకోవడంలో నాకు చిన్నతనం అనిపించదు. అది మా మేనత్త నాకిచ్చి పోయిన ధైర్యం.