ఆరు వీపులు

చెంచులక్ష్మి వ్యానులో శుక్రవారం గొర్రెలు ఎక్కుతాయి, మంగళవారం మేము ఎక్కుతాం. మేమంటే మాజీ సైనికులం. ఉదయగిరిలో ఐదుగురం, ఆత్మకూరులో ఎక్కే గోపాలయ్యతో ఆరుగురం. మంగళవారం పొద్దున్నే ఆమె వ్యాను కడిగి సీట్లు బిగిస్తుంది. అయినా వాసన పోదు. మా కార్డు చెల్లే కంటి ఆసుపత్రేమో నెల్లూరులో ఉంది. బస్సులు మారి వేళకు చేరడం మా మోకాళ్ళ వల్ల కాదు. అందుకని నోరు మూసుకుని ఎక్కుతాం.

ఆమెకు ఈ పని ఎవరూ అప్పగించలేదు. వాళ్ళ నాయన కూడా సిపాయే. బస్సు అందక మూడుసార్లు ఆసుపత్రి తేదీ తప్పి, చివరికి ఒక కన్ను పోగొట్టుకున్నాడు. "ఇంకొకరి కన్ను బస్టాండులో పోనీను" అని ఆ ఏడాదే సీట్లు తెచ్చింది. మాట మాత్రం మహా కటువు. ఆలస్యమైతే సుబేదారునైనా వదలదు.

"ఏంది సార్, మిలిటరీలో గడియారాలు ఇయ్యలేదా?" అంటుంది.

పైకి మీసాలు తిప్పుకుంటాం కానీ, ఆమెంటే మా అందరికీ హడల్.

మమ్మల్ని లెక్కపెట్టేది కూడా గొర్రెల పద్ధతిలోనే. మంద దొడ్డిలోకి పోతుంటే ఒక్కోదాని వీపు తట్టి లెక్కపెట్టే చెయ్యి అది. వ్యాను తలుపు దగ్గరా అంతే. వీపు మీద ఒక చరుపు, "ఒకటి". ఇంకో చరుపు, "రెండు". మేము వంగి ఎక్కుతాం.

పోయిన నెల ఒక మంగళవారం దేవకమ్మ తన భర్త గోపాలయ్యను ఆత్మకూరులో వ్యానెక్కించింది.

"ఈ మనిషికి చూపుండేది ఒక్క కంట్లోనే. వచ్చే మంగళవారం దానికే ఆపరేషను. ఈ పూట పరీక్షలంట. భద్రంగా తెచ్చియ్యి" అంది.

ఆసుపత్రిలో అందరికీ కళ్ళలో మందు వేసి, నల్లద్దాలు పెట్టారు. లోకమంతా మసక. గోపాలయ్య కాగితం ఒకటి రావాల్సి ఉంది. చెంచులక్ష్మి అతణ్ణి వరండాలో కూర్చోబెట్టి, "నేను వచ్చిందాకా కదలొద్దు పెద్దనాయనా" అంది. అంతలో గేటుకు అడ్డంగా ఉన్న వ్యాను తీయమని ఎవరో కేకలేశారు. ఆమె పరుగెత్తి బండి బయటపెట్టి, "ఎక్కండి, ఎక్కండి!" అని అరిచింది. మేము తడుముకుంటూ వచ్చాం. ఆరు చరుపులు పడ్డాయి. బండి కదిలింది.

నా పక్కన గోపాలయ్య. ఒకప్పుడు మేమిద్దరం ఒకే యూనిట్. అక్కడ అతడి ట్రంకుపెట్టె మీద కూర్చుని విరగ్గొట్టింది నేనే. ముప్పై ఏళ్ళుగా దాచిన సంగతి. ఆ రోజు ఎందుకో మనసు కరిగి చెప్పేశాను. అతడు నా భుజం మీద చెయ్యేసి, "పోనీలే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆత్మకూరులో దిగిన మనిషిని దేవకమ్మ ఎగాదిగా చూసింది.

"ఈయన మా ఆయన కాదే!"

నల్లద్దాలాయన చేతులు జోడించాడు.

"నాది కావలి తల్లీ. ఎక్కమని గట్టిగా అరిచినారు. ఆర్డరేమో అని ఎక్కినాను."

"ఒక మనిషిని ఇస్తే ఇంకో మనిషిని తెచ్చిస్తావా!" దేవకమ్మ చెంచులక్ష్మి మీదికి వెళ్ళింది. గోపాలయ్యకు ఫోను చేస్తే, అది మా సీటు కింద అతడి సంచిలోనే మోగింది. చెంచులక్ష్మి "వీపులు చూసినాను, మొహాలు చూళ్ళేదు" అని అదే మాట పదిసార్లు అంది.

అందరం వెనక్కి వెళ్ళాం, దేవకమ్మతో సహా. కావలి ఆయన దారంతా ఆమెను ఓదార్చబోయి తిట్లు తిన్నాడు.

గోపాలయ్య వరండాలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. వాచ్‌మన్ సామ్యేలు తల పట్టుకున్నాడు.

"లెమ్మంటే లేవడు. టీ ఇచ్చినా తాగడు."

"కూర్చోబెట్టింది చెంచులక్ష్మి. లేపాల్సిందీ ఆమే" అన్నాడు గోపాలయ్య.

చెంచులక్ష్మి అతడి కాళ్ళ దగ్గర కూలబడి భోరుమంది. దేవకమ్మ కరగలేదు. ఇక చచ్చినా ఈ బండి ఎక్కనియ్యను అని ఒట్టు పెట్టుకుంది. బండి లేకపోతే ఆపరేషను లేదు, ఆపరేషను లేకపోతే ఆ కన్నూ లేదు. వారమంతా నాకు అన్నం సయించలేదు.

మంగళవారం ఆత్మకూరులో చూద్దుము కదా, ఇద్దరూ నిలబడి ఉన్నారు. గోపాలయ్య తెల్లచొక్కా వీపు మీద జానెడు ఎర్రటి గుడ్డ ముక్క. దేవకమ్మ తాను కట్టుకున్న చీర అంచే కత్తిరించి కుట్టింది.

"బస్సులో పంపితే ఏదో ఒక బస్టాండులో కూర్చుండిపోతాడు ఈయన. నీ బండే మేలు. గొర్రెకు రంగు పూసినట్టు గుర్తు పెట్టినాను, వీపే చూసుకో" అంది.

చెంచులక్ష్మి ఆ ఎర్రగుడ్డ మీద మెల్లగా తట్టింది. తర్వాత ముందుకొచ్చి మొహం కూడా చూసింది.

ఆపరేషను అయింది. తిరిగి వచ్చేటప్పుడు ఉన్న ఒక్క కంటికీ కట్టు. ఆత్మకూరులో దేవకమ్మ ముందు అతడి వీపు తిప్పి గుడ్డ చూసింది, ఆ తర్వాతే మొహం చూసింది. "పదండి ఇంటికి" అని చెయ్యి పట్టుకుంది.

గోపాలయ్య కదల్లేదు. చెయ్యి చాపి ఆమె చీర అంచు పట్టుకుని, వేళ్ళతో మెల్లగా తడుముతూ పోయాడు. కత్తిరించిన చోటు తగిలింది.

"నువ్వేలే" అని ఆమె వెంట నడిచాడు.