తెర అంచున బొట్టుబిళ్ళలు

ఆ రోజు నందిగామలోని దస్తావేజుల ఆఫీసులో ఉన్నవి: ఒక కంప్యూటర్, అందులో ఫైళ్ళు వెతకడానికి నేను రాసిన ప్రోగ్రాం, దాని ఎడమ అంచున ఇరవై ఆరు బటన్లు. ఉన్నవాళ్ళు: టైపు చేసే పద్మక్క, నేను, జగ్గయ్యపేట నుంచి వచ్చిన నా క్లాస్‌మేట్ రవి.

రవి ఓ గంట అక్క పక్కన కూర్చుని, నా బటన్లు తీసేసి నాలుగే మిగిల్చాడు.

"ఇప్పుడు హాయిగా ఉంది బాబూ! ఆ గుంపు చూస్తే కళ్ళు తిరిగేవి," అంది అక్క. ఆరు నెలల్లో నన్ను ఒక్కసారీ మెచ్చుకోని మనిషి, వాడికి టీ తెప్పించింది. నాకు కడుపు మండిపోయింది.

"ఏవి కావాలో గంటలో ఎలా తెలిసిందిరా? సోది అడిగావా?" అని గట్టిగా అరిచాను.

వాడు నవ్వి, తెర చట్రం మీద అక్క అంటించిన ఎర్ర బొట్టుబిళ్ళలు చూపించాడు.

"నేను నొక్కే బటన్ల పక్కన గుర్తు పెట్టుకున్నానయ్యా. లేకపోతే ఎక్కడ దొరుకుతాయి?" అంది అక్క.

అద్దానికి అంటించినట్టు ఊరికే అంటించిందనుకున్నాను. ఆరు నెలలూ చూస్తూనే ఉన్నాను, ఏనాడూ అడగలేదు. రవి మీద అసూయ ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆ రోజు మాత్రం తల వంచుకుని ఆ బిళ్ళలు లెక్కపెట్టాను.

నాలుగు.