కుక్క వణుకు చెప్పిన సాక్ష్యం

మా పశువుల ఆసుపత్రి కాంపౌండరుకి అందరూ పెట్టిన పేరు సీఐడీ. నేను అక్కడ చీటీలు రాస్తాను కాబట్టి ఆయన విచారణలన్నీ నా చెవిన పడేవి. పిల్లి గోడ మీంచి పడిందంటే, "తనే పడిందా, ఎవరైనా తోశారా?" అనేవాడు. ఆవు మేత మానేసిందంటే ఆవును వదిలేసి తోలుకొచ్చినవాడి మొహంలోకి చూసేవాడు. మూగజీవి ఎవరిని చూసి ముడుచుకుంటే వాళ్లే దోషి అని ఆయన లెక్క. డాక్టరమ్మ నవ్వి ఊరుకునేది. నాకు మాత్రం ఒళ్లు మండేది.

ఒక ఉదయం బట్టలు కుట్టే ఆవిడ, కొత్త కోడలిని వెంటబెట్టుకుని ముసలి కుక్కను తెచ్చింది. దాని చెవిలో చీము. షాపులో కొన్న మందుతో తగ్గలేదట. బల్ల ఎక్కిద్దామని కోడలు చెయ్యి చాపిందో లేదో, అది తోక ముడిచి గజగజ వణికింది. డాక్టరమ్మ సూది వేయించి, చుక్కల మందిచ్చి లోపలికి వెళ్లగానే సీఐడీ అత్తగారిని గుమ్మం పక్కకు పిలిచాడు.

"ఆ పిల్లను దీని దగ్గరకు రానివ్వకండమ్మా. మీరు లేనప్పుడు ఏదో చేస్తోంది."

"నాకూ అనుమానంగానే ఉంది బాబూ," అందావిడ. ఆవిడకు ఆ మాట చాలు. కోడలు అంతా విని, కుక్క తాడు అత్తగారి చేతికిచ్చి పక్కకు జరిగింది.

వారం తిరక్కుండానే మళ్లీ వచ్చారు. కుక్క తల ఒక పక్కకు వాలిపోయింది. చెవి వాచి కంపు కొడుతోంది.

"మందు వెయ్యడం లేదా? ఇంకా అశ్రద్ధ చేస్తే ప్రాణానికే ముప్పు," అని డాక్టరమ్మ గద్దించింది.

"నేను వెయ్యబోతే కరవొచ్చిందండీ," అని అత్తగారు గొణిగింది.

"మరి ఇదివరకు ఆ షాపు మందు ఎవరు వేసేవారు?"

"నేనేనండీ," అంది కోడలు. "రోజూ చెవి కడిగి వేసేదాన్ని. మంటకు వణికేది గానీ ఏనాడూ కరవలేదు. ఈయన చెప్పాక నన్ను ముట్టుకోనివ్వలేదు."

సీఐడీ, కరవకుండా కుక్క మూతికి కట్టే గుడ్డ తీసుకుని బల్ల దగ్గరకు నడిచాడు. ఆయన్ను చూడగానే కుక్క బల్ల చివరికి జరిగి, వణుకుతూ ఉచ్చ పోసుకుంది.

"మీరేం చేశారండీ దీన్ని?" అని కోడలు మెల్లగా అడిగింది.

"సూది వేశానమ్మా, అంతే," అన్నాడాయన. అన్నాక ఆయన మొహం పాలిపోయింది. నాకు మొదటిసారి ఆయన మీద జాలి వేసింది. అత్తగారి వైపు తిరిగి, "నేనన్నది తప్పమ్మా. మందు ఈ పిల్ల చేతే వేయించండి," అన్నాడు.

అత్తగారు అలాగేనని తలూపింది. వెళ్లేటప్పుడు మందు సీసా మాత్రం తన సంచిలోనే వేసుకుంది.