మింగలేక, ఉమ్మలేక

మా బాపు ముప్ఫై ఏళ్లు హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో లారీ నడిపాడు. బెల్లం వేసినా, ఎండుమిరప బస్తాలు వేసినా ఆయన చేతిలో లారీ ఒక్కసారి కూడా పక్కకి ఒరగలేదు. సాయంత్రం లారీ నిలిపాక మాత్రం ఆయనే ఒరిగేవాడు. గంజ్‌కీ మాదన్నపేటలో మా ఇంటికీ మధ్య కల్లు కాంపౌండు ఒకటి ఉండేది. దాన్ని తప్పించుకుని ఇంటికొచ్చే దారి ఈ ప్రపంచంలో లేదని ఆయన వాదన.

షుగర్ పెరిగి ఆస్పత్రిలో పడ్డాక ఆ దారి కూడా దొరికింది. డాక్టర్ చెప్పింది ఆయన చెవికెక్కలేదు. అమ్మ మంచం పక్కన నిలబడి ఆయన కుడిచెయ్యి గుంజి తన నెత్తిమీద పెట్టుకుంది. "ఒట్టెయ్యి. ఇంకొక్క చుక్క నీ గొంతులకు దిగిందంటే నా సావు చూసినట్టే" అంది. బాపు ఒట్టేశాడు. ఆ రోజు నుంచి రెండేళ్లు ఆ కాంపౌండు ఉన్న సందు తొక్కలేదు. నెత్తిమీద ఒట్టు తప్పితే మనిషి పోతుందని ఆయన నమ్మకం. అది మామూలు నమ్మకం కాదు, బ్రేకు తొక్కితే లారీ ఆగుతుందన్నంత నమ్మకం.

రెండువేల రెండో, మూడో, ఆ ఏడు నేను ఆఫీసు శిక్షణ మీద ఆరు నెలలు ఫ్రాన్స్‌లో ఉన్నాను. ఆఖర్లో మూడు వారాలు అమ్మనీ బాపునీ రమ్మన్నాను. అమ్మ రానంది. "గా ఇమానంల గన్ని గంటలు కాళ్లు ముడుసుకొని కూసునుడు నాతోని గాదు" అని బాపును ఒక్కణ్నే పంపింది. పంపేముందు ఫోన్‌లో నాకు హెచ్చరిక. "గాడ నల్లా తిప్పితే సారా వస్తదట. నీ బాపు మీద కన్నేసి ఉంచు."

"నల్లా తిప్పితే నీళ్లే వస్తయమ్మా."

"నీకేం ఎరుక? తాగేటోళ్లు తిప్పితే ఏమొస్తదో."

బాపు సముద్రం చూడాలన్నాడు. ఒక చిన్న కారు అద్దెకు తీసుకుని లియోన్ నుంచి దక్షిణానికి బయల్దేరాను. అక్కడ స్టీరింగు ఎడమవైపు. అంటే ముప్ఫై ఏళ్లు కూర్చున్న కుడివైపే బాపు కూర్చున్నాడు కానీ, ఆయన ముందు స్టీరింగు లేదు. పాపం, ఆ బాధ నేను చెప్పలేను. లేని బ్రేకును తొక్కి తొక్కి కాలికింది పట్టాను ముద్దచేశాడు.

"హారన్ కొట్టు బిడ్డా."

"ఇక్కడ హారన్ కొట్టరు బాపు."

"మరి మనం వచ్చినమని ముందటోనికి ఎట్ల తెలుస్తది?"

గంట గడిచేసరికి రోడ్డుకి రెండువైపులా ద్రాక్ష తోటలు. నడుము ఎత్తు కూడా లేని మొక్కలు, వరసగా, కొండ మీదిదాకా. బాపు వాటిని చూసి పెదవి విరిచాడు. "గీ పొట్టి చెట్లకా గింత పేరు? వంగి తెంపుకునుడేగా. ఒక్కసారి తాడిచెట్టు ఎక్కుమను, తెలుస్తది" అన్నాడు. నేను మాట మార్చాను. ఆ మొక్కల నుంచి ఏం తీస్తారో ఆయనకు ఎవరు చెప్పారో నాకు తెలీదు.

మాట మార్చగలను గానీ షుగర్‌ని మార్చలేను కదా, గంటకోసారి ఆయన ఒంటికి పోవాలి. "బిడ్డా, ఆపు. ఇగ నాతోని గాదు" అన్నాడు. పక్కనే ఒక చిన్న ఊరు కనిపిస్తే అందులోకి తిప్పాను. ఒకటే వీధి, ఒక చర్చి, పోస్టాఫీసు ముందు టెలిఫోన్ బూతు. ఆదివారం మధ్యాహ్నం. బేకరీ మూత, హోటలు మూత. ఆదివారం మూసిన ఊరిని నేను అంతకుముందు చూడలేదు. మా పత్తర్‌గట్టి బజార్లో ఆదివారం కాలు పెట్టడానికి చోటుండదు. మొత్తం ఊళ్లో తెరిచి ఉన్నది ఒక్క తలుపు. తలుపు పక్కన ఒక పీపా. పీపా మీద వైన్ సీసా.

వద్దనుకున్న చోటికే కాలు లాక్కుపోతుందంటే ఇదే. కానీ బాపు మొహం చూశాక ఇంకేమీ ఆలోచించలేదు, తలుపు తట్టాను.

బాపు వయసు పెద్దాయన బయటికొచ్చాడు. తెల్ల మీసం, చేతులకి మాయని నల్లటి మరక. నా వచ్చీరాని ఫ్రెంచిలో సంగతి చెప్పాను. ఆయన నవ్వి బాపు భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్లి బాత్రూం చూపించాడు. తిరిగొచ్చిన బాపు మొహంలో ఎంత శాంతి! "పుణ్యాత్ముడు బిడ్డా. సొంత ఇంట్ల చోటిచ్చిండు" అన్నాడు. అప్పటికే ఆ పుణ్యాత్ముడు బల్లమీద మూడు గ్లాసులు పెట్టి ఒక సీసా మూత తీస్తున్నాడు.

"వద్దండీ, మా నాన్నగారు తాగరు" అన్నాను.

తాగనక్కర్లేదని ఆయన చేసి చూపించాడు. గ్లాసులో రెండు గుక్కలు పోసి, తిప్పి, వాసన చూసి, నోట్లో పోసుకుని బుగ్గల్లో గలగలలాడించి, పక్కనున్న చిన్న బక్కెట్టులోకి తుపుక్కున ఉమ్మేశాడు. రుచి చూడ్డమంటే అంతేనట. ఇక్కడ పెద్ద పెద్దవాళ్లంతా ఇలాగే చేస్తారట, అదీ పన్నెండేళ్లు దాచిన సరుకుని. బాపుకి తెలుగులో చెప్పాను.

బాపు అదిరిపోయాడు. "పన్నెండేండ్లు దాచిన సరుకని చెప్తుండుగా? ఉమ్ముడేంది? మన కల్లు పొద్దుగాల దించితే మాపటికి పులుస్తది, దాన్నే ఎవడూ ఉమ్మడు."

ఆయన కళ్లు మాత్రం గ్లాసు మీదే ఉన్నాయి. రెండేళ్లుగా చుక్క ముట్టని మనిషి. నాకు జాలేసింది. అక్కడే చేశాను తప్పు. కొరివితో తల గోక్కోవడమంటే ఏంటో ఆ రోజు తెలిసింది.

"బాపు, అమ్మ గొంతులకు దిగొద్దన్నది. నోట్లకు పోవద్దనలేదు. ఆయన లెక్క నువ్వు కూడా రుచి చూసి ఉమ్మెయ్. ఒట్టు తప్పినట్టు కాదు."

బాపు ఈ వాదనని అటూ ఇటూ తిప్పి చూశాడు. లొసుగు కనపడలేదు. గ్లాసు ఎత్తాడు. ఎత్తి, అలవాటు కొద్దీ వేలు ముంచి "తల్లీ ఎల్లమ్మా" అంటూ నేలమీద మూడు చుక్కలు చిలకరించాడు. అది సాక. కల్లయినా సారా అయినా అమ్మవారికి ముందు నేలమీద వదిలి, తర్వాతే మనిషి తాగాలి. పెద్దాయన వింతగా చూశాడు. దేవతకి అని చెబితే తల ఊపాడు. బాపు ఒక మంచి గుక్క నోట్లో పోసుకున్నాడు. బుగ్గలు ఉబ్బాయి.

నేను బక్కెట్టు ముందుకు జరిపాను. "ఉమ్ము."

ఉమ్మలేదు.

"ఉమ్ము బాపు!"

తల అడ్డంగా ఊపాడు. కళ్లు పెద్దవి చేసి నేలమీది మూడు చుక్కలు చూపించాడు. అప్పుడు నా బుర్ర వెలిగింది. సాక పోసింది ప్రసాదం. ప్రసాదం ఎవరైనా ఉమ్ముతారా? అదీ చోటిచ్చిన మనిషి ఇంట్లో, ఆయన ఎదురుగానే?

"సరే, అయితే మింగు" అన్నాను, విసుగొచ్చి.

బాపు తన నెత్తిమీద చెయ్యి పెట్టుకుని చూపించాడు. ఒట్టు. అమ్మ.

మింగలేక, కక్కలేక అని ఊరికే అంటుంటాం. ఆ మనిషి నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. నాకు కోపం నషాళానికంటింది. నవ్వూ వస్తోంది. పెద్దాయన మాత్రం మహా భక్తిగా బాపునే చూస్తున్నాడు. నిమిషం అయింది. రుచి ఎలా ఉందని అడిగాడు. బాపు "మ్మ్" అన్నాడు. పెద్దాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని లోపలికి కేక వేసి భార్యని పిలిచాడు. "ఇంతసేపు నోట్లో ఉంచుకుని రుచి చూసే మనిషిని నా జన్మలో చూడలేదు" అని ఆమెకి చూపించాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ నిలబడి చూసింది. ఊపిరాడక బాపు కళ్లవెంట నీళ్లు కారాయి. అది చూసి పెద్దాయన కళ్లూ చెమర్చాయి.

ఆ ఆనందం పట్టలేక ఆయన బాపు వీపు మీద ఒక్కటి చరిచాడు.

గుటుక్కుమంది.

బాపు మొహం పాలిపోయింది. గ్లాసు బల్లమీద పెట్టి నా వైపు తిరిగి, "బిడ్డా, ఇంటికి ఫోన్ చెయ్యి" అన్నాడు. ఎందుకని అడగలేదు నేను. పెద్దాయన ఇంకో సీసా, తెరవంది, బాపు చేతిలో పెడుతున్నా పట్టించుకోకుండా బాపు వీధిలోకి నడిచాడు. సీసా నేను పట్టుకున్నాను.

బూతులో కార్డు పెట్టి నంబరు నొక్కాను. మోగింది, మోగింది. ఎవరూ ఎత్తలేదు. అక్కడ సాయంత్రం ఆరున్నర అవుతుంది. ఆ వేళకి అమ్మ ఇంట్లో ఉండాలి.

"మళ్ల చెయ్యి."

మళ్లీ చేశాను. ఎత్తలేదు. బాపు బూతు మెట్టు మీద కూలబడ్డాడు. "పాయె. నా చేతులతోని నేనే చంపుకుంటి" అని తల పట్టుకున్నాడు.

"పిచ్చి మాటలు మాట్లాడకు బాపు. నువ్వు మింగలే, ఆయన కొడితే దిగింది. అమ్మకు గట్లనే చెప్పు" అన్నాను. మూడోసారి నంబరు నొక్కుతుంటే ఒక అంకె తప్పుపడి మళ్లీ మొదట్నుంచి నొక్కాను. డిగ్రీ చదివాను, ఆఫీసులో కంప్యూటర్ల ముందు కూర్చుంటాను, అయినా సొంత ఇంటి నంబరు తప్పింది. అమ్మా, ఎత్తు, ఎత్తు అని పైకే అన్నాను.

"ఎవలు?" ఆయాసపడుతూ అమ్మ గొంతు. "దొండకాయలకు మార్కెట్ల పోయిన. అమ్మేటామె ముదురుకాయలు కింద పెట్టి పైన లేతయి పేర్చింది, దానితోని లొల్లి పెట్టుకొని వచ్చేసరికి గీ ఫోనొకటి..."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బాపు నన్ను బూతు బయటికి జరిపి నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "బతికే ఉన్నవానే?" అన్నాడు.

"తాగినవా?" అంది అమ్మ. ఆ గొంతు బూతు బయట ఉన్న నాకూ వినిపించింది.

ఆయన కొట్టాడని చెప్పు, చెప్పు అని నేను సైగలు చేస్తున్నాను. బాపు నా వైపు చూడనే లేదు.

"మింగిన. నేనే మింగిన. సాక పోసిన, గందుకే ఉమ్మలేకపోయిన" అన్నాడు. అని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా బాపు ఏడవడం నేను చూడ్డం అదే మొదలు.

కార్డులో నిమిషాలు కరిగిపోతున్నాయి. "ఫోన్ బిడ్డకియ్యి" అంది అమ్మ. తిట్లకి సిద్ధపడి తీసుకున్నాను.

"నిన్నేమని చెప్పి కావలి పెట్టిన?"

"తప్పు నాదేనమ్మా."

"నీదే" అని, అంతలోనే, "ఏడుస్తుండా?"

"ఏడుస్తుండు."

"నా కోసమా?"

"మరి ఎవరి కోసం?"

"గాడ నలుగురు చూస్తుండ్రా?"

వెనక్కి తిరిగాను. పెద్దాయనా, భార్యా గుమ్మంలో నిలబడి కంగారుగా చూస్తున్నారు. "చూస్తుండ్రమ్మా."

"మంచిగైంది" అంది అమ్మ. ఎంత సంతోషంగా అందో.

ఆ సీసాని బాపు చొక్కాల మధ్య చుట్టి హైదరాబాద్ తీసుకెళ్లాడు. పెద్దమనిషి ఇచ్చింది పారేయకూడదట. అమ్మ దాన్ని బియ్యం డబ్బా వెనక దాచి అల్మారాకి తాళం పెట్టింది. ఆషాఢంలో బోనాలొచ్చాయి. నేనూ అప్పటికి తిరిగొచ్చేశాను. బోనం ఎత్తేముందు సాక పోయడానికి కల్లుకుండ కోసం చూస్తుంటే, అమ్మ ఆ సీసా బయటికి తీసింది. మూత ఎలా తీయాలో ఎవరికీ తెలీదు. బాపు లారీ సామాన్ల డబ్బాలోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి బిరడాని లోపలికే దిగ్గొట్టాడు.

అమ్మ గడప ముందు నిలబడి ఎల్లమ్మ పేరు చెప్పి వొంపడం మొదలుపెట్టింది. పన్నెండేళ్ల సరుకు మా వాకిట్లో ఎర్రగా పారుతోంది. బాపు రెండు చేతులూ జోడించి, గుడ్లప్పగించి దాన్నే చూస్తున్నాడు. సీసా దాదాపు ఖాళీ అయింది. అమ్మ దాన్ని ఎత్తి వెలుతురులో చూసింది. అడుగున ఒక్క గుక్క ఉంది.

బాపు దగ్గరికి నడిచింది. ఆయన కుడిచెయ్యి పట్టుకుని తన నెత్తిమీద పెట్టుకుని, మళ్లీ తీసేసి, ఆ చేతిలో సీసా పెట్టింది.

"ప్రసాదం. ఉమ్మకు."